మొత్తం తొక్కితే సగం

నాందేడ్‌లో, భోకర్ రోడ్డు మీద, దత్తు గ్యారేజీ. శుక్రవారం మధ్యాహ్నం. నితీశ్‌ది ఇరవై ఏళ్లనాటి ఎర్ర టర్బో కారు. బానెట్ తెరిచి ఉంది. ఇంజన్‌ను అదుపు చేసే దాని పాత కంప్యూటర్‌ను ఊడదీసి బల్లమీద పడేసి, కొత్తకారుది ఒకటి తెచ్చి వైర్ల మధ్య కూర్చోబెట్టారు. స్టీరింగ్ ముందు మాత్రం నితీశ్ లేడు, అతని భార్య రూపాలి ఉంది. నితీశ్ దోస్తు దత్తుకు ఆమె వైనీ, అంటే వదిన; నితీశ్ తల్లి కాకూ, అంటే పిన్ని. ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. కడుపు మండినవాళ్లు అరుస్తారని ఎవరన్నారో గానీ, వాళ్లు రూపాలిని చూడలేదు.

"ఇంకోసారి చెప్పు వైనీ. నాకు సమజ్ కాలే."

"అయ్యింది దత్తన్నా. అయ్యిందని నీ మొఖమే చెప్తున్నది."

"లేదు, నిజంగ. మొత్తం తొక్కితే..."

"సగం. పెడల్ నేల దాక తొక్కినా బండి సగమే ఇయ్యాలె. చేస్తవా, చెయ్యవా?"

"ఎవ్వలు తొక్కితే?"

"నీ దోస్తు తొక్కితే."

"నితీశ్ తొక్కితే సగం."

"ఆ."

"ఆయన బండి. ఆయన తెచ్చిన కంప్యూటర్. ఆయన తొక్కితే సగం."

"ఎన్నిసార్లు అంటవు? అయితదా కాదా, గది చెప్పు. పాత కంప్యూటర్ ఉన్నప్పుడు కాదంటివి. అప్పుడు పెడల్‌కు తాడుండె. కాలు ఎంత గుంజితే ఇంజన్ అంత పోతుండె. ఇప్పుడు తాడు తీసేసి కరెంటు పెడల్ పెట్టినవు. కాలు ఎంత తొక్కిందో కంప్యూటర్‌కు కబురు పోతది, ఎంత ఇయ్యాల్నో కంప్యూటర్ చూసుకుంటది. నువ్వే చెప్పినవు గద మొన్న."

"నీకు చెప్పుడే నా తప్పు."

"అంటే అయితది."

"అయితది. ల్యాప్‌టాప్‌ల ఒక్క గీత కిందికి గుంజితే అయితది. అయితదని చేస్తరా వైనీ? నితీశ్, నేను చిన్నప్పటి సంది ఒక్క బెంచి మీద కూసున్నం."

"నేను ఒక్క మంచం మీద పండుకుంటున్న. అయినా అడుగుతున్న."

"అరే. జర కోపం తగ్గించుకో. చాయ్ చెప్తా ఉండు."

"చాయ్ వద్దు. కోపం తగ్గొద్దు. ఆదివారం దాక ఇట్లనే ఉండాలె నాకు."

"ఇదంత ఆ రీల్ కోసమేనా?"

"నువ్వు సుత చూసినవా?"

"చూసిన. అందరు చూసిండ్రు గద."

"నవ్వినవా?"

"వైనీ, ఆ ప్లగ్గు మీద కాలు పెట్టకు. కొత్తదానికి పిన్నులు ఎక్కువ, ఒక్కొక్క వైరు చూసుకోని అతికిచ్చిన, ఒక్కటి వంగితే మల్ల మొదటికి..."

"నవ్వినవా అంటున్న."

"జర నవ్వొచ్చింది. స్కూటీ వెనుకకు తీస్తవు, తులసి కుండీ పడుతది, నువ్వు దిగి దానికి దండం పెడ్తవు. ఎవ్వలకైనా నవ్వొస్తది."

"ఆయన ముందే ఫోన్ పట్టుకోని నిలబడ్డడు దత్తన్నా. నేను వెనుకకు తీస్తుంటే, ఆపు ఆపు, పిల్ల ఉన్నది అని ఒర్రిండు. పిల్ల లేదు, ఏం లేదు. భయానికి హ్యాండిల్ తిప్పిన, కుండీ పడ్డది. గది తీసిండు. ఒర్రింది కోసేసి, కుండీ పడ్డది పెట్టిండు."

"అది నాకు తెల్వదు."

"కింద ఏం రాసిండో అది తెలుసు గద?"

"చదివిన."

"రేసు రాజా ఇంట్ల డ్రైవింగ్ రాని రాణి. గది రాసిండు. మా తమ్ముడు భోకర్ నుంచి నాకే పంపిండు, అక్కా ఇది నువ్వేనా అని. కూరగాయల మార్కెట్‌ల వంకాయలమ్మే ఆమె సుత, నడుచుకుంట వచ్చినవా, మంచిపని చేసినవు అన్నది. పక్కలున్నోళ్లు కొంగులు అడ్డం పెట్టుకోని నవ్విండ్రు. రేసు రాజా అట. ఆ రాజా ఎవ్వలో నీకు ఎరుకనా లేదా?"

"ఎరుకే."

"చెప్పు. నోటితోని చెప్పు."

"ఎవ్వలన్న వింటరు వైనీ."

"గ్యారేజ్‌ల పిట్ట సుత లేదు. చెప్పు."

"నువ్వు. హెల్మెట్‌ల ఉన్నది నువ్వు. మూడేండ్ల సంది రేసుల ఈ బండి నడిపింది నువ్వు. చాలా?"

"చాలదు. కాని వింటుంటే మంచిగున్నది. ఇంకోసారి అను."

"వద్దు తియ్యి. మొదటేడు వానికి జ్వరమొచ్చింది, అందుకే నువ్వు ఎక్కినవు. వాడు కావాలని చేయలే గద."

"జ్వరమని నీకు చెప్పిండా?"

"మరి?"

"కాళ్లు వణికినయి. గీత కాడికి పోయి, ఆడ వరుసల నిలబడ్డ బండ్లను చూసి, వెనుకకొచ్చిండు. టెంట్‌ల నా చేతులు పట్టుకున్నడు. రూపాలీ నువ్వు పోవే, నల్ల అద్దమే గద, ఎవ్వలకు తెలుస్తది అన్నడు. నాకు పాపమనిపించింది. పోయిన. వచ్చి హెల్మెట్ తీయంగనే నా చేతులకెల్లి గుంజుకోని, చంకల పెట్టుకోని బయటికి పోయిండు. దండలేసిండ్రు. బ్యాండు కొట్టిండ్రు. నేను టెంట్‌ల చెమటతోని కూసున్న. మొగుడే గద అనుకున్న. మల్లేడు సుత మొగుడే గద అనుకున్న. మూడోయేడు అనుకునుడు సుత బంద్ చేసిన. నీ బోర్డు మీద ఫోటో ఎవ్వలది?"

"బండిది."

"బండిల ఎవ్వలున్నరు?"

"నువ్వే ఉన్నవు."

"కింద పేరు?"

"ఆ నితీశ్ పేరు పెయింటరు రాసిండు వైనీ."

"పెయింటరు మీద వెయ్యకు. నువ్వు చెప్తెనే రాసిండు."

"సరే. ఒప్పుకుంటున్న. కోపానికి నీకు హక్కున్నది. కాని జర ఆలోచించు. ఆదివారం బండి సగమే పోతే ఓడిపోయేది ఎవ్వలు? నువ్వే. హెల్మెట్‌ల నువ్వేనాయె."

"ఈసారి నేను కాదు. ఈసారి ఆయనే నడుపుతడట."

"నితీశా?"

"నీ దోస్తే. ఈసారి గీత కాడ హెల్మెట్ తీసి మొఖం చూపించాలెనట, లైసెన్స్ చూపించాలెనట. టీవీవాళ్లు సుత వస్తున్నరట. అందుకని నేను అక్కరకు రాను. కొత్త కంప్యూటర్ పడ్డంక నడుపుడేమున్నది, బండి దానంతట అదే పోతది, నువ్వు ఇంటికాడ ఉండి అన్నం వండు అన్నడు."

"కంప్యూటర్ బండిని నడుపుతదని వానికి ఎవ్వలు చెప్పిండ్రు?"

"నువ్వు చెప్పలేదా?"

"నేను చెప్పింది ఉల్టా. పాతది మెత్తది. తప్పు తొక్కినా జర ఆగి, మెల్లగ ఇస్తుండె. ఇది ఆగది. కాలు పెట్టంగనే మొత్తం ఒక్కసారి చేతుల పెడుతది. ముందటి చక్రాలు గిర్రున తిరుగుతయి. నడపరానోనికి పాతదే నయమని నేను వానికి వంద తీర్ల చెప్పిన."

"ఆయన వినలే. ఫోన్ పాతగైతే కొత్త ఫోన్ తెచ్చుకుంటం, కొత్తది మంచిగ నడుస్తది. బండి సుత గంతే అనుకున్నడు."

"అయితే నీ పని అల్కగైంది గద వైనీ. నువ్వు ఇంటికాడ కూసో. వాని ఇజ్జత్ వాడే తీసుకుంటడు."

"ఇంటికాడ ఎందుకు కూసుంట? నేను సుత పేరు ఇచ్చిన."

"దేనికి?"

"రేసుకు."

"ఏ బండి మీద?"

"ఈ బండి మీదనే."

"ఒక్క బండి మీద ఇద్దరా?"

"రూల్ ఉన్నది. ఒక్కొక్క బండే కోన్ల నడుమ తిరిగి వస్తది, ఎంత టైం అయిందో రాసుకుంటరు గద. అడిగిన క్లబ్బోళ్లను. మొగడు పెండ్లం, అన్నదమ్ములు, ఎవ్వలైనా ఒక్క బండి పెట్టుకోని ఒకల తర్వాత ఒకలు నడుపొచ్చు. ముందు ఆయన పోతడు. టైర్లు చల్లారినంక నేను పోత. నా పేరు మీద, అద్దం ఎత్తి."

"నితీశ్‌కు ఎరుకనా ఇది?"

"పేరిచ్చిన అని చెప్పిన. పొట్ట పట్టుకోని నవ్విండు. ఇంకో రీల్ దొరికింది, వద్దననులే అన్నడు."

"అంటే నువ్వనేది, వాడు తొక్కితే సగం..."

"నేను కూసున్నంక మొత్తం. ఏసీ బటన్ మూడుసార్లు నొక్కితే మొత్తం వచ్చేటట్టు పెట్టు. నాకు ఒక్కదానికే ఎరుక ఉండాలె. గదే బండి, గదే మైదానం, గదే దినం. ఆయన పోతుంటే జనం ఆవలించాలె. నేను పోతుంటే లేచి నిలబడాలె. అప్పుడు ఆయన ఏమంటడు? బండి ఖరాబ్ అనరాదు. నేను గదే బండిల పోయిన గద."

"ఎన్ని దినాల సంది ఆలోచిస్తున్నవు ఇది?"

"రోటీలు చేసుకుంట ఆలోచించిన. ఆయనకు వడ్డించుకుంట ఆలోచించిన. ఒక్కొక్క రోటీ ఏసుకుంట, ఇది సగం, ఇది సగం అనుకున్న."

"నాకు భయమైతున్నది నిన్ను చూస్తే."

"కానియ్యి."

"నేను చెయ్య వైనీ. తప్పు పట్టుకోకు. ఈ చేతులతోని బండ్లు బాగు చేసిన, ఖరాబ్ చెయ్యలే. ఆదివారం బండి ముక్కితే ముందు నా పేరే పోతది. దత్తు పెట్టిన కంప్యూటర్ గిట్లున్నది అంటరు."

"నీ పేరు ఎట్ల వచ్చింది దత్తన్నా?"

"ఎట్ల వచ్చింది అంటే? పని చేసిన, వచ్చింది."

"రెండో మలుపుల వెనుక భాగం జారుతున్నదని ఎవ్వలు చెప్పిండ్రు నీకు? మూడో గేర్ల ఇంజన్ ఒక్కసారి ఊపిరి పట్టినట్టు ఆగుతున్నదని ఎవ్వలు చెప్పిండ్రు? నువ్వు అందరి ముందట నితీశ్‌ను అడుగుతుంటివి, ఎట్లున్నది బండి అని. ఆయన మస్తున్నది అంటుండె. మల్ల నువ్వు టెంట్ వెనుకకెల్లి వచ్చి నన్ను అడుగుతుంటివి."

"అవ్."

"నేను మా నాయిన పత్తి జీపు నడిపిన. వానకాలం నల్లరేగడిల బండి ఎటు గుంజుతదో అటు పోనిచ్చి, మల్ల మన దిక్కు తెచ్చుకోవాలె. ఎవ్వలు నేర్పలే. నడుముకు తెలుస్తది. నా నడుముతోని, నా చెవులతోని నువ్వు బండి తయారు చేసినవు, నీ బోర్డు లేచింది. నేను ఎప్పుడన్న అడిగిన్నా? ఒక్కసారి నా దిక్కు నిలబడమంటున్న. నిలబడవు. ఆయనతోని బెంచి మీద కూసున్నవు గద."

"ఇంక చాలు వైనీ."

"చాలు అనకు. చేస్త అను."

"ల్యాప్‌టాప్ ఇటియ్యి."

"చేస్తవా?"

"ఇటియ్యి అంటున్న గద. వెనుక సీట్ల ఉన్నది. ఆ తీగ సుత. స్టీరింగ్ కింద ప్లగ్గు కనబడుతున్నదా? అండ్ల పెట్టు. మల్ల నన్ను మాట్లాడియ్యకు, నా మనసు మారుతది."

"పెట్టిన."

"తాళం తిప్పు."

"లేచింది. దత్తన్నా, ఆగిపోయింది."

"ఆగుతది. ఈ కంప్యూటర్‌కు మన తాళం కొత్త మనిషి. దొంగ అనుకుంటది. ఇద్దరికి పరిచయం చెయ్యాలె. ఉండు, అది అడిగింది ఇస్తున్న. ఆ. ఇప్పుడు తిప్పు."

"లేచింది. ఆగుతలేదు."

"ఇగ నీ సగం. చూడు, ఈ గీత. పై దాక పోతున్నది గద? గుంజుతున్న. ఇక్కడ దాక. దేవుడు నన్ను చూస్తలేడు అనుకుంట. తొక్కు."

"తొక్కిన."

"నేల దాకనా?"

"నేల దాక. వినవడుతున్నదా? తిని పండుకున్న ఎద్దును లేపినట్టున్నది."

"నవ్వుతున్నవు వైనీ. చానా దినాలైంది నువ్వు నవ్వంగ చూసి."

"మల్ల తొక్కనా?"

"తొక్కు, తొక్కు. ఎట్లయినా పాపం చేసినం."

"బండెందుకట్ల ముక్కుతున్నది?"

"కాకూ. నువ్వెప్పుడొచ్చినవు?"

"అత్తమ్మా, ఆటోల వచ్చినవా? ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గద."

"ఏందే రూపాలీ, భూతాన్ని చూసినట్టు చూస్తున్నవు ఇద్దరు? నితీశ్ పంపిండు. ఇక్కడి దుకాణంల గిరాకీ ఉన్నది, అమ్మా నువ్వు పోయి చూసి రా, బండి ఎంత దాక వచ్చిందో అన్నడు. దత్తూ, నేనడిగింది చెప్పలే. బండెందుకు ముక్కుతున్నది?"

"కొత్త కంప్యూటర్ కాకూ. సెట్ అయితున్నది."

"సెట్ అయితే ముక్కుతదా?"

"మొదట్ల గట్లనే ఉంటది."

"నీ మాట సుత గట్లనే ఉన్నది. నువ్వేంది రూపాలీ, స్టీరింగ్ ముందట కూసున్నవు?"

"తాళం తిప్పనీకి మనిషి కావాలె అన్నడు దత్తన్న. అందుకే కూసున్న."

"తిప్పుడు వస్తదా నీకు?"

"నాకేమొస్తది అత్తమ్మా. రీల్ చూసినవు గద."

"చూసిన. రెండుసార్లు చూసిన."

"మంచిగున్నదా?"

"ఆదివారం నా బిడ్డ సోనాలి అత్తగారోళ్లు వస్తున్నరు. బిడ్డ సుత వస్తున్నది. మీ మామను ముఖేడ్‌ల దుకాణం బంద్ పెట్టి రమ్మన్న. ముందటి కుర్చీలు అడిగి పెట్టిన. నా కొడుకు నడుపుడు అందరు దగ్గరికెల్లి చూడాలె."

"చూడుండ్రి. మంచిగ చూడుండ్రి."

"మూడేండ్ల సంది కప్పులు తెస్తున్నడు నా కొడుకు."

"అవ్ అత్తమ్మా. టెంట్ నుంచి స్టేజీ దాక ఆయనే తెచ్చిండు."

"వైనీ, ఊకో."

"ఎందుకూకోవాలె దత్తన్నా? నేనేమన్న తప్పన్ననా?"

"మిగిలింది నన్ను అననియ్యి. రూపాలీ, మనింట్ల హెల్మెట్ లోపలి బట్ట ఎవ్వలు ఉతుకుతరు?"

"నువ్వే ఉతుకుతవు."

"ఉతికినప్పుడల్ల మూరెడు మూరెడు వెంట్రుకలు వస్తయి అండ్లకెల్లి. కొబ్బరినూనె వాసన వస్తది. నా కొడుకు నెత్తి మీద ఏమున్నది చెప్పు? అరచెయ్యంత మైదానమున్నది. మీరు ముగ్గురు కలిసి నన్ను పిచ్చిదాన్ననుకున్నరా?"

"నీకు ఎరుకనా అత్తమ్మా?"

"మొదటేడే ఎరుక."

"ఎరుకుండి పేడాలు పంచినవా? వాడకట్టంత తిరిగినవు. నా కొడుకు, నా కొడుకు అనుకుంట నా నోట్ల సుత పెట్టినవు ఒకటి. నువ్వు నా మొఖం చూసుకుంటనే పెట్టినవా?"

"చూసుకుంటనే పెట్టిన. ఇప్పుడన్న కక్కుతదేమో అని చూసిన. నువ్వు మింగినవు. నాకు నీ మీద పట్టరాని కోపమొచ్చింది ఆ దినం."

"నా మీదనా?"

"నీ మీదనే. నేను మింగినట్టే మింగుతున్నవని."

"కాకూ, కుర్చీ తెస్త, కూసో."

"నిలబడ్డనే మంచిగున్నది. రూపాలీ, ముఖేడ్‌ల బట్టల దుకాణం ఎవ్వలు నిలబెట్టిండ్రు?"

"మామ."

"మామ. మొన్న సత్కారంల సుత గదే చెప్పిండ్రు. నితీశ్ మైకు పట్టుకున్నడు. మా నాయిన ఒక్కని రెక్కల కష్టం అన్నడు. చప్పట్లు కొట్టిండ్రు. మీ మామ శాలువా కప్పుకోని కూసున్నడు. నేను లోపట అటుకుల పోహే కలుపుతున్న. వినవడ్డది నాకు, మైకు పెద్దగనే పెట్టిండ్రు."

"నేను నీ పక్కనే ఉన్న గద. నువ్వు ఏమనలే."

"ఏమంట? మీ మామ ఆ దినాలల్ల పత్తాలాట కాడ ఉంటుండె. పొద్దుగాల పోతే దీపాలు పెట్టినంక వస్తుండె. బట్ట కొలిచింది నేను. సూరత్ బేపారులతోని మరాఠీ, హిందీ కలిపి కొట్లాడింది నేను. నితీశ్ నా కాళ్ల కాడ బట్ట తాన్ల నడుమ పండుకుంటుండె. లేస్తే మీటరు కట్టె నాకు అందిస్తుండె. ఊరోళ్లకు తెల్వది, ఫర్వా లేదు. మీ మామ ఒప్పుకోడు, అది ఎప్పటి నుంచో ఉన్నదే. కాని వానికి ఎరుక. ఎరుకుండి, ఆ నోటితోనే గట్లన్నడు. మొగడు నా కష్టం మింగితే నొప్పైంది. కొడుకు మింగితే నాకు నిద్ర పోయింది."

"అత్తమ్మా, నాకు ఒక్కమాటన్న చెప్పకపోతివి."

"నువ్వు నాకు చెప్పినవా? ఇగ ఇప్పుడు చెప్పుండ్రి. బండెందుకు ముక్కుతున్నది?"

"చెప్పు దత్తన్నా. నేనే చెయ్యమన్ననని చెప్పు."

"కాకూ, ఏమనుకోకు. నితీశ్ మొత్తం తొక్కినా సగమే పోయేటట్టు పెట్టిన. వైనీ కూసున్నంక బటన్ నొక్కితే మొత్తం వస్తది. ముందు నితీశ్ పోతడు, తర్వాత వైనీ పోతది. గదే బండి."

"మంచిగ ఆలోచించినవు రూపాలీ."

"కోపం లేదా నీకు?"

"తీసెయ్యి దత్తూ."

"ఏంది కాకూ?"

"సగం తీసెయ్యి. మొత్తం ఇయ్యి."

"తెలుసు నాకు అత్తమ్మా. ఆఖరికి కొడుకు అనిపిస్తడు గద. దుకాణం ముచ్చట చెప్పి నా మనసు కరిగిచ్చినవు, ఇగ కొడుకును కాపాడుకుంటున్నవు."

"ఒర్రకు. విను. ఇన్నేండ్లు నల్ల అద్దం వెనుక దాక్కున్నవు. ఇప్పుడు బటన్ వెనుక దాక్కుంటవా? గెలిచి సుత దొంగ లెక్క ఇంటికొస్తవా? రేపు ఈ దత్తు నోరు ఏడనో జారుతది."

"నేను చెప్ప కాకూ."

"నువ్వు ఇద్దరికి దోస్తువు. నీ నోరు జారుతది. అప్పుడు నా కొడుకు మల్ల మైకు పట్టుకుంటడు. నా పెండ్లం నన్ను మోసం చేసిందని ఏడుస్తడు. జనం వాని దిక్కు మోపైతరు. వానికి ఏడ్చెటందుకు జాగ ఇయ్యొద్దు రూపాలీ. వంక పెట్టెటందుకు ఏం మిగలొద్దు. మొత్తం ఇయ్యాలె."

"మొత్తం ఇస్తే వాడు పట్టలేడు కాకూ. మొదటి కోన్ కాడనే బండి తిరుగుతది."

"అక్కడ గుద్దెటందుకు ఏమున్నది?"

"ఏం లేదు. మూతబడ్డ జిన్నింగ్ మిల్లు మైదానం. ప్లాస్టిక్ కోన్లు, దుమ్ము."

"అయితే వాని ఒంటికి ఏం కాదు. తీసెయ్యి."

"తీస్తున్న. వైనీ, తియ్యనా?"

"తియ్యి. నా బుద్ధికి గిది ఎందుకు తోచలే అనుకుంటున్న."

"తీసేసిన. గీత పై దాక పోయింది. జర కాలు ఆనిచ్చి చూడు. మెల్లగ."

"అబ్బ. దత్తన్నా, ఇది వేరే బండి."

"వినవడ్డది రూపాలీ. బంద్ చెయ్యి. ముందు వాడు పోతడు అన్నరు గద? అది మార్చాలె."

"ఎట్ల మారుస్తం అత్తమ్మా? ఆయన ఒప్పుకోడు. అందరి కంటె ముందు తనే కనబడాలె."

"ఫోన్ కలుపు. స్పీకర్ పెట్టు. మీరిద్దరు ఊపిరి సుత తియ్యకుండ్రి. అలో, నితీశ్. అమ్మను."

"ఆ అమ్మా. అయ్యిందా బండి?"

"అయ్యింది నాయినా. మస్తయ్యింది. దత్తు మొత్తం పెట్టిండు, ఏం మిగిలియ్యలే."

"చెప్పిన గద. ఇగ నడుపుడేమున్నది, స్టీరింగ్ పట్టుకోని కూసుండుడే."

"గదే నాకు జర భయమైతున్నది. కొత్త వస్తువు. ఏమన్న అయితే మొదలు తొక్కినోళ్లకే అయితది. నువ్వు ముందు పోకు బిడ్డా."

"మరి ఎవ్వలు పోతరు?"

"రూపాలి పేరిచ్చిందట గద. దాన్ని ముందు పంపు. బండి ఎట్లున్నదో దాని మీద తెలుస్తది. కోన్లు పడగొడితే జనం నవ్వుతరు, నవ్వనీ. దాని తర్వాత నువ్వు పోయినవనుకో, నువ్వు ఇంకింత మెరుస్తవు."

"అమ్మా, నీ దిమాగే దిమాగు. ముందు కామెడీ, తర్వాత హీరో. క్లబ్బోళ్లకు ఇప్పుడే చెప్త, వరుస మార్చుమని. ఆమెకు చెప్పకు, మల్ల భయపడి రాదు."

"నేనెందుకు చెప్త? ఉంట. అన్నం తిన్నవా?"

"తిన్న. పెట్టేస్తున్న."

"పెట్టేసిండు అత్తమ్మా. నాకింకొక భయమున్నది."

"ఎందుకు? నడుపవా?"

"నడుపుత. ఎట్ల నడుపుతనో నాకే ఎరుక లేనట్టు నడుపుత. గది కాదు. నేను ముందు టైం పెడ్త. ఆయన అది బోర్డు మీద చూస్తడు. నన్ను దాటాలెనని పిచ్చి లేచి తొక్కితే? బండి మీద పట్టు లేని మనిషి."

"తొక్కుతడు కాకూ. నితీశ్ నాకు ఎరుక. అంతమంది ముందట ఇజ్జత్ సవాలు అయితది."

"నువ్వు బెంచి మీద చూసినవు దత్తూ. నేను కన్న. వాడు తొక్కడు. వాడు ఎక్కనే ఎక్కడు. గీత కాడ హెల్మెట్ పట్టుకోని నిలబడ్తడు. కాళ్లు ఆడవు. టెంట్ దిక్కు చూస్తడు, అండ్ల ఎవ్వలు ఉండరు. మైకుల వాని పేరు పిలుస్తరు. మల్ల పిలుస్తరు. ముందటి కుర్చీల వాళ్ల నాయిన కూసోని చూస్తుంటడు. రూపాలీ, నేను వచ్చేది నువ్వు గెలుస్తుంటే చూడనీకి కాదు బిడ్డా. అది చూడనీకి."